చావింటి శెనక్కాయ ఉండలు

క్రిస్మస్ వస్తాందంటే మా గుడికాడ ఇప్పుడు ఇంగో పండగ ముందే మొదలైతాది. దేశం కాని దేశంలో డ్యూటీ చేస్తాండే మా పిల్లోళ్ళకు తినేవి మూటలు కట్టి పంపే పండగ. ఊరంతా దాని గురించి గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ మాట చెవిన పడితే చాలు, అరికాలి మంట నెత్తికెక్కుతాది. ఎందుకెక్కుతాదో చెప్తా, ఇనండి. మధ్యలో "పోనీలేమ్మా" అని మాత్రం అనద్దండి. ఆ మాట ఇనీ ఇనీ నా చెవులు తూట్లు పడినాయి.

మాది ఆలూరుకు అవతల పల్లె. తాతల కాలం నుంచీ మేం క్రైస్తవులమే, దొరలు కట్టించిన రాతి గుడి ఉండాది. వానొస్తే చేను, రాకపోతే మూట నెత్తిన పెట్టుకోని వలస. అందుకే మా పిల్లోళ్ళు మీసం మొలిస్తే మిలిట్రీకి ఉరుకుతారు. మా తమ్ముడు అట్లే పోయె. వానితో పాటు మా గుడివాళ్ళే ఇంగో ముగ్గురు, అందరిదీ ఒకే పటాలం. ఆ పటాలాన్ని శాంతిసేన అని చెప్పి ఆఫ్రికాకు పంపిరి. నెత్తిన నీలం టోపీ, చేతిలో తుపాకి, చుట్టూ మోకాలి లోతు బురద. వాడు ఫోన్లో ఆ నీళ్ళు చూపిస్తే మా నాయన నోరెళ్ళబెట్టి చూసె. "ఒరేయ్, ఆ వానలో సగం మన చేను మీదికి తోలరా" అనె. తండ్రీ కొడుకులు అట్ల నవ్వుకున్నది అదే ఆఖరు.

మా నాయన చేన్లోనే పడిపోయె. శెనక్కాయ చేను ఊడలు దిగే కాలం, కలుపు తీస్తా తీస్తా ఎద పట్టుకోని కుచ్చుండిపోయినాడు. ఆదోని ఆసుపత్రికి పోయే దోవలోనే ప్రాణం పోయె. తమ్మునికి ఫోన్ చేస్తిమి. సెలవైతే ఇచ్చిరి గానీ వాడుండే తావు నుంచి విమానం ఎక్కే ఊరికి దోవంతా వరదలో మునిగిపోయిండె. హెలికాప్టర్ రావల్లంట, వాన నిలిస్తే గాని అది రాదంట. ఈడ మనిషిని ఎన్నాళ్ళని పెట్టుకుంటాం? సమాధి తోటలో నేను ఫోన్ పైకెత్తి పట్టుకోని నిలబడితిని. మట్టి ఏస్తాంటే వాడు ఆ చిన్న అద్దంలో నుంచి చూస్తాండె. సిగ్నల్ తెగిపోయి మొగం ఆడికే ఆగిపోయె. నోరు తెరిచినట్టే ఆగిపోయె.

అయిపోయినంక వాడు అమ్మతో మాట్లాడె. మా అమ్మ ఏం మాట్లాడిందో నేను పక్కనే నిలబడి ఇంటిని. "రాకపోతే ఏముండాదిలే నాయనా, డ్యూటీ చూసుకో, వేళకు తిను" అనె, అంతే. మా అమ్మ తమ్మున్ని పుట్టినప్పటి నుంచి తిట్టకుండా ఒక్క మాట మాట్లాడిండ్లేదు. "ఏరా దున్నపోతా, తిన్న్యావా" అంటే అది ముద్దు. అట్లాంటి మనిషి మెత్తగా మాట్లాడే కొద్దీ వాడు ఆడ కుమిలిపోయె. దూరాన ఉండేవాని మనసు కష్టపెట్టకూడదని ఈమె మెత్తగా మాట్లాడతాంటే, అమ్మ తనను ఎలిపెట్టిందని వాడు అనుకుంటాండాడు. ఒకనాడు నాకు ఫోన్ చేసి అడిగె. "అక్కా, నాయనను చూడనీకి రాలేదని అమ్మకు నా మీద కోపమా?"

"కోపం లేదు గీపం లేదు, పిచ్చోడా" అంటిని.

"నువ్వట్లే అంటావులే" అని పెట్టేసె.

ఆ మాట అమ్మకు చెప్తిని. చెప్పకుండా ఉండాల్సింది అని మీరనచ్చు. నేను అనను. అమ్మకు తెలియాల. ఆమె చేటలో బియ్యం ఏరతా ఏరతా ఇనె. తర్వాత అనె, "నోటితో చెప్తే నమ్మడు వాడు. చేతితో చేసి పంపితే నమ్ముతాడు. వాళ్ళ నాయన ఏసిన చేను కోతకొస్తాది గదా, ఆ శెనక్కాయలతో ఉండలు చేసి పంపుతా. నా చేతి ఉండ నోట్లో పెట్టుకుంటే వానికే తెలుస్తాది."

ఇంగ ఈ మూటల సంగతి. ఇది మా స్త్రీల సమాజం మొదలు పెట్టిన పని. సమాజానికి పెద్ద ఒకామె ఉండాది, రక్తసంబంధం లేకున్నా వరసకు పెద్దమ్మ అంటా. ఆమె కొడుకూ ఆ నలుగురిలో ఒకడు. సెలవు మీద వచ్చిన హవల్దారు ఒకాయన, డోన్ దగ్గరోడు, తిరిగి పోయేటప్పుడు అట్టపెట్టెలు తీసుకుపోతానని ఒప్పుకునె. గుడి పక్కన రేకుల షెడ్డులో ఆడోళ్ళంతా కలిసి కజ్జికాయలు, నిప్పట్లు చేస్తారు, అవి నలుగురికీ ఉమ్మడి. అవి కాక ఇంటికొక గుడ్డసంచి. ఆ సంచిలో ఆ ఇంటి తల్లి తన చేత్తో చేసింది పెడతాది. సంచుల మీద ఇంటిపేరు ఎర్ర దారంతో కుట్టింది ఎవరనుకుంటిరి? నేనే. ఆలూరులో నాకు మిషనుండాది, జాకెట్లు కుట్టి బతుకుతా. నాలుగిండ్లకూ నాలుగు సంచులు కుడితిని. మా ఇంటి సంచికి ఇంగో వరస దారం ఎక్కువే ఏసినా, అబద్దమెందుకు.

మాలో ఒక పద్ధతుండాది. ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగే దాకా ఆ ఇంటి పొయ్యి మీద తీపి ఎక్కదు. పండగొస్తే చుట్టుపక్కలోళ్ళే తెచ్చి పెడతారు. పెట్టేది మంచిదే, ఏడ్చే ఇంటిని ఆకలితో ఉంచకూడదని పెద్దోళ్ళు పెట్టినారు. అది ఎప్పుడు తిరగబడిందో, ఆ ఇంటి చేతి తీపి ఇంగొకరు ముట్టకూడదని అయి కుచ్చునె. మేం రాహుకాలం చూడమంట. తిథులు లేవంట. చావు ఓడిపోయిందని పాస్టరు అయ్యగారు చెప్తే గుడి కప్పు లేచిపోయేట్టు ఆమెన్ అంటామంట. మళ్ళా చావింటి పాకం మాత్రం కీడంట! పైకి అందరమూ శ్రీవైష్ణవులమే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

అమ్మకీ పద్ధతి తెలియక కాదు. తెలిసే పొయ్యి వెలిగించె. చేను అమ్మా నేనూ ఇద్దరమే పీకితిమి, కాయ కొట్టేకి మా ఆయన కూడా వచ్చె. ఎర్ర గింజలు ఏయించి, పొట్టు చెరిగి, బెల్లం పాకం పట్టి, చెయ్యి కాలతాంటే ఊదుకుంటా ఉండలు చుట్టె. నేను చుడతానంటే నా చెయ్యి తోసేసె. "నీ చేతివి కాదు మే వానికి కావల్సింది" అనె. స్టీలు డబ్బా నిండా చేసి, కొత్త కోక కాదు గానీ ఉతికిన కోక కట్టుకోని, ఆ డబ్బా చంకన పెట్టుకోని షెడ్డుకు బయల్దేరె. నేను సంచి పట్టుకోని ఎనకాలే పోతిని.

మేం లోపలికి అడుగు పెట్టగానే మాటలు నిలిచిపోయె. నూనెలో కజ్జికాయలు మాత్రం చుయ్యిమంటాండాయి. పెద్దమ్మ చేతిలో జల్లిగంటె పట్టుకోని అట్లే చూసె.

"ఏందిమే అది?" అనె మా అమ్మను.

"శెనక్కాయ ఉండలక్కా. మావాని సంచిలోకి."

"నీ పొయ్యి మీద చేసినావా?"

"ఇంగెవరి పొయ్యి మీద చేస్తా?"

పెద్దమ్మ గంటె కింద పెట్టె. "తెలిసి తెలిసి ఎట్ల చేస్తివి మే? ఏడాది తిరగలే. మట్టి ఇంగా ఆరలే."

"ఊర్లో ఎవరికీ పెట్టనక్కా. వాని సంచిలో ఏసి మూతి కడతా. ఎవురూ ముట్టే పనిలే" అనె అమ్మ. అట్ల బతిమాలతా ఉంటే నాకు ఒళ్ళంతా కారం పూసినట్టయ్యె.

"అన్నీ ఒకే పెట్టెలో పోతాయి గదా. మా పిల్లోళ్ళు తుపాకులు పట్టుకోని ఉండారు. పండగ మూటలో చావింటి వంట పెట్టి అంత దూరం పంపల్లనా? రేపు ఏమన్నా అయితే?" అనె పెద్దమ్మ. భయం నిజమే, నేను కాదనను. ఆమెకు కొడుకు మీద భయముంటే మా అమ్మకు లేదా? మిగిలిన ఇద్దరు తల్లులు నోరు మెదపలే, నేల చూస్తా కుచ్చుండ్రి. పలకకపోవడం కూడా ఒక పలుకే.

నేను ఊరుకుంటానా? "ఏం పెద్దమ్మా, మా నాయన అంటురోగంతో పోయినాడా? దొంగతనం చేసి పోయినాడా? మీ చేన్లో కలుపు తీసే మనిషే గదా! సమాధి దగ్గర 'దేవుని దగ్గరికి పోయినాడు' అని పాడింది మీరే గదా. దేవుని దగ్గరికి పోయినోని ఇల్లు కీడెట్లయ్యె?" అంటిని.

"నోరు జాస్తి చేయద్దు మే."

"నోరుండేది దేనికి? మీ కజ్జికాయలు తినేకేనా?"

అమ్మ నా చెయ్యి పట్టుకునె. ఎవరో పోయి అయ్యగారిని పిలుచుకొచ్చిరి. ఆయన వచ్చి, అటు చూసి ఇటు చూసి, గొంతు సవరించుకోని చెప్పె. "దేవుని దృష్టిలో ఇవేవీ లేవమ్మా. కానీ తల్లుల మనసు నొప్పించకూడదు కదా. బలహీనులను కూడా మనం చూసుకోవాలి. ఈ ఒక్క సంవత్సరానికి సర్దుకుందాం తల్లీ."

"మా అమ్మ తల్లి కాదా అయ్యగారూ?" అంటిని.

ఆయన గడియారం చూసుకునె. ఏ మీటింగుకు ఆలస్యమైందో ఏమో. మా నాయన శవపెట్టె మీద చెయ్యి పెట్టి పునరుత్థానం గురించి గంటసేపు చెప్పింది ఈయనే. తెల్ల అంగీ ఇప్పితే ఆ మాటలు కూడా దాంతోపాటే చిలక్కొయ్యకు తగిలిస్తారేమో నాకు తెలియదు.

ఇంగ అసలు కడుపు మండే మాట ఇనండి. పెద్దమ్మ మెత్తగా అమ్మ దగ్గరికొచ్చి అనె, "నీ మనసెందుకు కష్టపెట్టుకుంటావు మే. పచ్చి గింజలుంటే ఇయ్యి, మేమే ఏయించి నలుగురికీ చేస్తాం. పచ్చి సరుక్కి ఏ పట్టింపూ లేదు."

చూసినారా? మా నాయన చెమట కావల్ల, మా అమ్మ చెయ్యి వద్దు. మా చేను కావల్ల, మా పొయ్యి వద్దు. "థూ, మీ బతుకులు" అని నేను అరుస్తానే ఉండా, అమ్మ ఇంటికి పోయి గింజల మూట తెచ్చి ఆడ పెట్టె. నాకు అమ్మ మీద కూడా కోపమొచ్చె. "ఎందుకిస్తివే?" అంటే, "ఆ ముగ్గురు పిల్లోళ్ళు ఏం చేసినారే? మీ నాయన పంట తిననీ" అనె. మా ఇంటి సంచిలో సమాజం తీపి ఏస్తామని పెద్దమ్మ అనె గానీ అమ్మ ఒప్పుకోలే. "ఇంగొకరి చేతివి నా పేరుతో పంపను" అని ఖాళీ సంచి మడిచి రొంటిన దోపుకునె.

పెట్టెలు పంపే రోజు చూడల్ల ఆ సంబరం. ఊర్లో పెద్ద లీడరు ఒకాయన వచ్చె, ఒక కజ్జికాయ కొన్న పాపాన పోలేదు గానీ ఆయన మొగం ఫ్లెక్సీ మీద గుడి తలుపంత ఉండె. పెట్టెల మీద కూడా అదే మొగం అంటించిరి. దేశం కోసం, ధర్మం కోసం అని మైకులో అరిచె. అందరూ చప్పట్లు కొట్టిరి. మా అమ్మ మా ఇంటి గడప మీద కుచ్చోని ఆ చప్పట్లు ఇంటాండె. ఆ ఉండల డబ్బా ఆమె పక్కనే ఉండె, అందులోది ఒక్కటి కూడా ఎవరం నోట్లో పెట్టుకోలే.

నేను తమ్మునికి అప్పుడే ఫోన్ చేసి అంతా కక్కేద్దునా అంటే, అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టించుకునె. "నువ్వు చెప్పద్దు. ఒట్టెయ్యి. ఊరోళ్ళు మన ఇంటిని అంటుగా చూసినారని తెలిస్తే వాడు ఆ పిల్లోళ్ళతో కొట్లాడతాడు. ఆడ వాళ్ళే గదా వానికి దిక్కు. ఒకరి ప్రాణం ఒకరి చేతుల్లో ఉండాది." అట్ల చెప్తే ఇంగ నేనేం చేస్తా? ఒట్టేస్తిని. మింగలేక కక్కలేక కుచ్చుంటిని.

పండగకు ముందు తమ్ముడే ఫోన్ చేసె. "పెట్టెలు అందినాయక్కా."

"బాగుండాయా?"

"బాగుండాయి. వాళ్ళ సంచుల్లోవి నాకూ పెట్టిరి." మళ్ళా వాడే అందుకునె. "మన ఇంటి సంచి మాత్రం లేదు. అడగాలని కాదులే. నేను రాకపోతిని గదా, అమ్మకుండేది అమ్మకుంటాది. ఆమెను బాగా చూసుకో."

ఒట్టేసిన దాన్ని, ఏం చెప్తా? "ఒరేయ్, అది కాదురా" అనే లోపల పెట్టేసె. మళ్ళా చేస్తే ఎత్తలే. ఆ పొద్దు మిషను మీద ఎవరి జాకెట్టు కుట్టినానో ఏమో, చేతులు రెండూ ఒకే పక్కవి కుట్టిపెడితిని.

క్రిస్మస్ నాడు గుడి అయిపోయినంక ముంగిట్లో ప్రేమవిందు. పేరు చూడండి, ప్రేమవిందు! అందరూ వరసగా కుచ్చోని తింటాండారు. అమ్మ గోడవారగా ఒక్కతే ఇస్తరి ముందర పెట్టుకోని ఏదో కలుపుతాండాది, తినడం లేదు. అప్పుడు పెద్దమ్మ ఫోన్ మోగె. ఆమె కొడుకు, వీడియో కాల్. ఆడోళ్ళంతా ఎంగిలి చేతులతోనే చుట్టూ మూగిరి. ఆ అద్దంలో ముగ్గురు పిల్లోళ్ళు, నీలం టోపీలు పెట్టుకోని "హ్యాపీ క్రిస్మస్" అని అరుస్తాండారు. మావాడు లేడు.

నేను అందరినీ తోసుకోని పోయి అడిగితిని. "మావాడు యాడప్పా?"

"ఈడే ఉండాడక్కా, ఆ మంచం మీద. రమ్మంటే రాడు."

"పిలువు. అక్క పిలుస్తాందని చెప్పు. రాకపోతే నేనే వస్తానని చెప్పు."

వాడొచ్చి నిలబడె. చిక్కిపోయిండాడు. అందరికీ దండం పెట్టి నవ్వె. ఆ నవ్వు చూస్తానే నాకు తిక్క రేగె. నేను చెప్పనని ఒట్టేసినా, నిజమే. పెద్దమ్మ ఒట్టేయలే గదా! ఆమె మణికట్టు పట్టుకోని ఫోన్ ఆమె మొగానికే తిప్పితిని.

"చెప్పు పెద్దమ్మా. మా ఇంటి సంచి ఎందుకు రాలేదో నీ నోటితో నువ్వే చెప్పు."

"పండగ పూట ఇప్పుడెందుకుమే అవన్నీ" అని చెయ్యి గుంజుకోను చూసె. నేను వదల్లే. అమ్మ ఇస్తరి ముందర నుంచి లేచి "వద్దే, నా ఒట్టు" అని అరుస్తాండాది. అయ్యగారు చెయ్యి కడుక్కోకుండానే వచ్చి "తల్లీ, తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం" అనె.

"మీరు పోయి తినండి అయ్యగారూ, కూర సల్లారిపోతాది" అంటిని. ఆయన ఎంగిలి చేత్తోనే ఎనక్కి తిరిగె. "చెప్పు పెద్దమ్మా. నా తమ్ముడు ఆడ మా అమ్మకు కోపమని కుళ్ళి కుళ్ళి చస్తాండాడు. నీ కొడుక్కి కీడు తగలకూడదంటివే, నా తమ్మునికి తగిలింది చూడు. కళ్ళు తెరిచి చూడు."

పెద్దమ్మ ఫోన్లోకి చూసె. ఆమె కొడుకు ఆ పక్క నుంచి "ఏందిమా? ఏం చేసినారు?" అంటాండాడు.  ముంగిలంతా తిండి నిలిచిపోయి చూస్తాండ్రి.

"మీ అమ్మ చేసింది నాయనా" అనె చివరికి. "శెనక్కాయ ఉండలు. డబ్బా నిండా చేసి తెచ్చింది. నేనే వద్దంటిని. చావింటి తీపి, పిల్లోళ్ళకు మంచిది కాదని నేనే వాపస్ పంపిస్తిని."

తమ్ముడు తిడతాడని నేను కాచుకోనుండా. తిట్టల్లనే నా ఆశ. వాళ్ళను ఒక్కొక్కరిని కడిగిపారేయాల, నా గుండె సల్లబడాల అనుకుంటిని. వాడు ఎందుకు వద్దన్నారని అడగలే. ఎవరు వద్దన్నారని అడగలే. చావిల్లు అన్న మాట వాని చెవికి ఎక్కిందో లేదో కూడా తెలియదు.

"అమ్మ చేసిందా?" అనె.

"చేసింది నాయనా."

"నాకనే చేసిందా?"

"నీకనే నాయనా, నీకనే" అని పెద్దమ్మ ఏడ్చె.

నా కోపం పోలే. ఇప్పటికీ పోలే, ఆ షెడ్డు గడప నేను మళ్ళా తొక్కలే. కానీ ఆ పొద్దు పెద్దమ్మ మణికట్టు వదిలేస్తిని. ఫోన్లో నా తమ్ముడు నెత్తి మీద టోపీ పీకి మొగానికి అడ్డం పెట్టుకోని, పక్కన నిలబడిన పిల్లోళ్ళను ఒక్కొక్కరినే పట్టుకోని చెప్తాండాడు, "మా అమ్మ చేసిందంటరా. పంపల్లనే చేసిందంట."